మెదడుకు చేరే రక్తం వేగం: సికిల్ సెల్ పిల్లలకు అందాల్సిన పరీక్ష

సికిల్ సెల్ ఎనీమియా ఉన్న పిల్లలకు పక్షవాతం వస్తుందంటే చాలామంది నమ్మరు. అది అరవై దాటినవాళ్ల జబ్బనీ, బీపీ, షుగరు ఉన్నవాళ్లకే వస్తుందనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అమెరికాలో వేలమంది సికిల్ సెల్ రోగులను ఏళ్ల తరబడి గమనించి 1998లో ప్రకటించిన లెక్కలు వేరే సంగతి చెప్పాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా సికిల్ జన్యువు సంక్రమించినవాళ్లలో, అంటే వైద్యులు ఎస్‌ఎస్ రకం అని రాసేవాళ్లలో, 20 ఏళ్లు నిండేలోపు నూటికి 11 మందికి పక్షవాతం వచ్చింది. పిల్లల్లో చూస్తే రెండు నుంచి ఐదేళ్ల వయసులోనే ముప్పు ఎక్కువ. నిన్నటిదాకా పరుగులు పెట్టిన బిడ్డకు ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడతాయి, మాట ముద్దగా వస్తుంది, బడిలో చదివింది తలకెక్కదు. ఈ దెబ్బ ఎవరికి తగిలే అవకాశం ఎక్కువో ముందుగా చెప్పగల పరీక్ష ఒకటుంది. దానికి సూది గుచ్చనక్కర్లేదు, మత్తు ఇవ్వనక్కర్లేదు, రేడియేషన్ ఊసే లేదు. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అనే ఆ అల్ట్రాసౌండ్ పరీక్షను మన ఏజెన్సీ ప్రాంతాల్లో జరుగుతున్న సికిల్ సెల్ నిర్ధారణ పరీక్షలకు కొనసాగింపుగా తప్పనిసరి చేయాలి. జబ్బు ఉందని తేల్చి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఆ యంత్రం ఏం కొలుస్తుందో చూడాలి.

తరంగాన్ని పంపే వస్తువు మనవైపు వస్తుంటే పౌనఃపున్యం పెరిగినట్టు, దూరంగా పోతుంటే తగ్గినట్టు అందుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో జంట నక్షత్రాల రంగుల గురించి రాస్తూ ప్రతిపాదించాడు. జపాన్‌లోని ఒసాకాలో షిగియో సతోమురా 1950లలో ఈ సూత్రాన్ని అల్ట్రాసౌండ్‌తో కలిపి గుండె మీద, రక్తనాళాల మీద ప్రయోగించాడు. రక్తంలో కోట్లాది ఎర్ర కణాలుంటాయి. వాటికి తగిలిన ధ్వని తరంగం కొద్దిగా చెదిరి వెనక్కి వస్తుంది. కణం కదులుతోంది కాబట్టి వెళ్లిన తరంగానికీ తిరిగొచ్చిన తరంగానికీ పౌనఃపున్యంలో తేడా వస్తుంది. మెదడు పరీక్షకు వాడేది 2 మెగాహెర్ట్జ్ ధ్వని, అంటే సెకనుకు 20 లక్షల కంపనాలు. శరీర కణజాలంలో అది సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. రక్తం సెకనుకు ఒక మీటరు వేగంతో ఎదురు వస్తోందనుకుంటే తేడా దాదాపు 2,600 కంపనాలు. ఇక్కడే ఒక చక్కటి సౌకర్యం కలిసొచ్చింది. 20 లక్షల కంపనాల ధ్వని మన చెవికి అందదు గానీ, 2,600 కంపనాల ధ్వని హాయిగా వినబడుతుంది. యంత్రం ఆ తేడానే నేరుగా స్పీకరులోకి వదులుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉస్సుమని ఉబికి, మెల్లగా సన్నగిల్లి, మళ్లీ ఉబికే శబ్దం అది. అనుభవం ఉన్న టెక్నీషియన్ తెర మీద గీత చూడకముందే, శబ్దం కీచుగా మారిందంటే వేగం పెరిగిందని చెప్పేస్తాడు.

సూత్రం ఇంత తేలికైనా మెదడు దాకా రావడానికి చాలా కాలం పట్టింది. అడ్డం వచ్చింది పుర్రె. మెడలోని రక్తనాళాలకు వాడే అధిక పౌనఃపున్యపు ధ్వనిని ఎముక మింగేస్తుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో పనిచేసిన నార్వే పరిశోధకుడు రూనె ఆస్లిడ్, తన సహచరులు మార్క్‌వాల్డర్, నోర్నెస్‌లతో కలిసి 1982లో దీనికి దారి కనుక్కున్నాడు. పౌనఃపున్యాన్ని 2 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాడు, పుర్రెలో ఎముక పలచగా ఉండే కణతను ఎంచుకున్నాడు. కంటి కొసకూ చెవికీ మధ్య, చెంప ఎముకకు కాస్త పైన ప్రోబు ఆనిస్తే ధ్వని లోపలికి వెళ్తుంది. యంత్రం చిన్న చిన్న ధ్వని తునకలను పంపి, ఎంత లోతు నుంచి వచ్చిన ప్రతిధ్వని కావాలో సమయాన్ని బట్టి ఏరుకుంటుంది. 50 మిల్లీమీటర్ల లోతు నుంచి వచ్చే ప్రతిధ్వనికి సుమారు 65 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ క్షణంలో మాత్రమే అది చెవి ఒగ్గుతుంది. ప్రకృతి చేసిన ఇంకో మేలు, మెదడులో ఎక్కువ భాగానికి రక్తం పంచే మధ్య మస్తిష్క ధమని దాదాపు నేరుగా కణత వైపే సాగుతుంది. ధ్వని కిరణానికీ రక్తం పారే దారికీ మధ్య కోణం ఏర్పడితే కొలత తగ్గుతుంది, 30 డిగ్రీలు ఉంటే అసలు వేగంలో 87 శాతమే కనబడుతుంది. ఈ ధమని విషయంలో ఆ పొరపాటు చిన్నదే.

ఇక్కడ ఒక మౌలికమైన అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. డాప్లర్ కొలిచేది వేగాన్ని. మెదడుకు కావలసింది పరిమాణం, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందిందన్నది. వేగం పెరిగిందంటే మెదడుకు రక్తం ఎక్కువ అందుతోందని సంతోషించాలా, భయపడాలా? గోదావరి మైదానంలో మైలు వెడల్పున నింపాదిగా పారి, పాపికొండల మధ్య ఇరుకులోకి రాగానే ఎలా ఉరుకుతుందో తెలిసినవాళ్లకు జవాబు సగం తెలిసినట్టే. అదే పరిమాణం ఇరుకు దారిలో పోవాలంటే వేగం పెరగాలి. ధమని వ్యాసం సగానికి తగ్గితే, పారే రక్తం అంతే ఉన్నప్పుడు, ఆ ఇరుకు దగ్గర వేగం నాలుగింతలు కావాలి. సికిల్ సెల్ జబ్బులో మెదడు అడుగున ఉండే పెద్ద ధమనుల లోపలి పొర దెబ్బతిని, మందమై, దారి కుంచించుకుపోతుంది. కొడవలిలా వంకర తిరిగిన కణాలు గోడలకు అంటుకోవడం, పగిలిన కణాల నుంచి బయటపడిన హిమోగ్లోబిన్ రక్తనాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను లాగేసుకోవడం ఇందుకు కారణాలు. దీనికి తోడు రక్తహీనత. హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉన్న బిడ్డ మెదడుకు ఆక్సిజన్ సరిపోవాలంటే రక్తం ఎక్కువగా, వడిగా పోవాలి. అందుకే ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషిలో ఆ ధమనిలో సగటు వేగం సెకనుకు 60 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే, సికిల్ సెల్ పిల్లల్లో ఏ ఇరుకూ లేకపోయినా 130 దాకా ఉంటుంది. అంటే ఒకే అంకెలో రెండు కష్టాలు కలగలిసి ఉన్నాయి, నాళం ఇరుకు కావడం, మెదడు ఆక్సిజన్ కోసం వెంపర్లాడటం. దేని వాటా ఎంతో డాప్లర్ ఒక్కటే విడదీసి చెప్పలేదు. అయితే పక్షవాతానికి దారితీసేవి ఆ రెండూ కాబట్టి, వాటి మొత్తం ఎంతో తెలిస్తే వైద్యానికి చాలు. ఈ మాట సిద్ధాంతం కొద్దీ అంటున్నది కాదు, దీన్ని పిల్లల మీద పరీక్షించి చూశారు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అగస్టా నగరంలో రాబర్ట్ ఆడమ్స్ బృందం 1992లో ప్రకటించిన పరిశీలన మొదటి మెట్టు. ఏ లక్షణాలూ లేని 190 మంది సికిల్ సెల్ రోగులకు డాప్లర్ చేసి వేచి చూశారు. 23 మందిలో వేగం 170 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంది. వాళ్లలో ఆరుగురికి పక్షవాతం వచ్చింది. మిగిలిన 167 మందిలో ఒక్కరికే వచ్చింది. ముప్పు ఎవరికో తెలిసింది సరే, దాన్ని తప్పించగలమా? స్టాప్ అనే పేరుతో జరిగిన పరీక్ష ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. రెండేళ్ల నుంచి 16 ఏళ్ల మధ్య పిల్లలకు దాదాపు రెండు వేల మందికి డాప్లర్ చేసి, వేగం 200 దాటిన 130 మందిని రెండు వర్గాలు చేశారు. 63 మందికి క్రమం తప్పకుండా రక్తం ఎక్కించి సికిల్ హిమోగ్లోబిన్‌ను 30 శాతం లోపు ఉంచారు. 67 మందికి మామూలు వైద్యం కొనసాగించారు. మామూలు వైద్యం అందిన వర్గంలో 11 మందికి, రక్తం ఎక్కించిన వర్గంలో ఒక్కరికి పక్షవాతం వచ్చింది. అంటే 92 శాతం తగ్గుదల. ఇంత స్పష్టంగా తేలాక సగం మందికి చికిత్స లేకుండా కొనసాగించడం తగదని 1997లో ఆ పరీక్షను గడువుకు ముందే ఆపేశారు, ఫలితాలను మరుసటి ఏడు ప్రచురించారు. కాలిఫోర్నియాలో సికిల్ సెల్ పిల్లల్లో తొలి పక్షవాతం 1990లలో ఏడాదికి వెయ్యికి దాదాపు తొమ్మిది మందికి వస్తుండగా, 2000 నాటికి రెండుకు దిగువకు పడిపోయింది. పసిపిల్లలకు వచ్చే ఒక ప్రాణాంతక ఉపద్రవాన్ని ఇంత తక్కువ హంగుతో ముందే పట్టుకున్న పరీక్షలు వైద్యంలో ఎన్నో లేవు.

పరీక్ష జరిగే తీరు గమనిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. బిడ్డను మంచం మీద పడుకోబెట్టి కణతకు జెల్ రాస్తారు. ప్రోబును గోరంత గోరంత జరుపుతూ, లోతును రెండేసి మిల్లీమీటర్లు మారుస్తూ, ధమని పొడవునా వెతుకుతారు. ఒక చోట 150 వినిపించి పక్కనే 210 వినిపించవచ్చు, లెక్కలోకి తీసుకోవలసింది పెద్దదాన్ని. రెండు పక్కలా చూడటానికి సుమారు అరగంట పడుతుంది. బిడ్డ మెలకువతో, నిమ్మళంగా ఉండాలి. నిద్రపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి వేగం లేనిపోని విధంగా ఎక్కువ చూపిస్తుంది. గుక్కపట్టి ఏడిస్తే అది తగ్గి వేగం కూడా తక్కువ చూపిస్తుంది. జ్వరం ఉన్నప్పుడు, ఈమధ్యే రక్తం ఎక్కించినప్పుడు కొలత నమ్మదగింది కాదు. 170 లోపుంటే మామూలు, 170 నుంచి 199 వరకు మధ్యస్థం, 200, ఆపైన ప్రమాదకరం. ఎక్కువ వస్తే ఒక్క కొలతతోనే తీర్పు చెప్పకుండా మళ్లీ చేసి ఖాయం చేసుకోవాలి. రక్తనాళం బొమ్మ కూడా చూపించే ఆధునిక యంత్రాలు ఇదే వేగాన్ని సుమారు పదోవంతు తక్కువగా చూపిస్తాయి కాబట్టి వాటికి హద్దు 185 దగ్గర పెట్టుకోవాలి. ఈ చిన్న తేడా తెలియక పాత హద్దునే వాడితే ముప్పున్న బిడ్డను ఏమీ లేదని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లలో, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలలో, కణత ఎముక మందమై కొందరికి ధ్వని లోపలికే పోదు. పిల్లల ఎముక పలచన, కాబట్టి ఈ పరీక్ష అత్యవసరమైన వయసులోనే అది అత్యంత తేలిక.

మన సంగతికి వద్దాం. మన దేశంలో సికిల్ జన్యువును మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. మధ్య భారత గిరిజన ప్రాంతమంతా, అందులో భాగంగా ఉత్తరాంధ్ర మన్యం, భద్రాచలం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇది ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలనీ, 2047 నాటికి నిర్మూలించాలనీ లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కొండ ఎక్కి, వాగు దాటి, వేలి చివర రక్తపు చుక్క తీసి చేస్తున్న ఈ పని చిన్నది కాదు. పెళ్లికి ముందు ఇద్దరూ వాహకులా అని చూసుకోవడానికి ఈ ఫలితం ఉపయోగపడుతుంది. కానీ జబ్బుతో ఇప్పటికే పుట్టిన బిడ్డకు చేతిలో పెట్టే కార్డు ఆమె జబ్బు పేరు చెబుతుంది తప్ప, రేపు ఆమె మెదడుకు ముప్పుందా లేదా అన్నది చెప్పదు. అది చెప్పగల పరీక్షను ఆమెకు అందించకపోవడానికి చెప్పే కారణాల్లో ఒక్కోదాన్నీ నిజాయితీగా తూచాలి.

మొదటి కారణం, మన సికిల్ సెల్ వేరన్నది. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. భారతదేశంలోనూ అరబ్ దేశాల తూర్పు భాగంలోనూ కనబడే జన్యు రకంలో, పుట్టాక తగ్గిపోవలసిన పిండ దశ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉంటుంది, అది కణాలు వంకర తిరగడాన్ని కొంత అడ్డుకుంటుంది. ఆఫ్రికా మూలాల రోగులతో పోలిస్తే ఇక్కడ పక్షవాతం తక్కువని వైద్యులు చెబుతూ వచ్చారు. 200 అన్న హద్దు అమెరికాలోని నల్లజాతి పిల్లల మీద నిర్ణయించినది, మన గోండు, కోయ పిల్లల్లోనూ అదే అంకె అదే ముప్పును సూచిస్తుందని గ్యారంటీ లేదు. ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ సగటున తక్కువ అంటే ఏ బిడ్డకూ రాదని కాదు. నాగపూర్ ప్రాంతపు వైద్యుల పరిశీలనల్లో మన దేశపు పిల్లల్లోనూ జబ్బు తీవ్రంగానే ఉన్న సందర్భాలు చాలా కనబడ్డాయి. పైగా, లోతట్టు గూడెంలో నాలుగేళ్ల పిల్లకు ఒక రాత్రి ఫిట్స్ వచ్చి చెయ్యి పడిపోతే అది సికిల్ సెల్ వల్ల వచ్చిన పక్షవాతమని ఏ రిజిస్టరులో నమోదవుతుంది? జ్వరం మెదడుకెక్కిందనో, గాలి సోకిందనో అనుకుని ఊరుకునే చోట తక్కువ అన్న లెక్కను నమ్మకంగా వాడలేం. మన పిల్లలకు సరైన హద్దు ఏదో తెలియాలన్నా మన పిల్లలకు డాప్లర్ చేసి, ఏళ్ల తరబడి గమనించాల్సిందే. హద్దు మీద అనుమానం ఉందనడం పరీక్ష మొదలుపెట్టడానికే మరో కారణం అవుతుంది.

రెండో కారణం మరింత బరువైనది. ముప్పుందని తెలిసి ఏం చేస్తాం? మూడు నాలుగు వారాలకోసారి, ఏళ్ల తరబడి రక్తం ఎక్కించాలంటే ఏజెన్సీ ఆసుపత్రిలో రక్తనిధి ఎక్కడిది? ఎక్కించిన ప్రతి యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే మార్గం శరీరానికి లేదు, అది పేరుకుని కాలేయాన్నీ గుండెనూ దెబ్బతీస్తుంది. పోనీ కొన్నాళ్లకు మానేద్దామా అంటే, 2005లో వచ్చిన రెండో స్టాప్ పరీక్ష ఆ ఆశను తుంచేసింది. మానేసిన 41 మందిలో 14 మందికి వేగం మళ్లీ ప్రమాద స్థాయికి చేరింది, ఇద్దరికి పక్షవాతం వచ్చింది. కొనసాగించిన 38 మందిలో అలాంటిదేమీ లేదు. ఈ ప్రతిష్టంభనను కొంతవరకు విడదీసింది హైడ్రాక్సీయూరియా అనే నోటి మందు. కనీసం ఏడాది రక్తం ఎక్కించాక, ధమనులు మరీ దెబ్బతినని పిల్లలను క్రమంగా ఈ మందుకు మార్చవచ్చని, వేగం అదుపులోనే ఉంటుందని 2016లో ప్రచురించిన ట్విచ్ పరీక్ష చూపింది. మన పరిస్థితికి ఇంకా దగ్గరైన ఉదాహరణ ఉత్తర నైజీరియాది. అక్కడ నెలనెలా రక్తం దొరకడం అయ్యే పని కాదు. డాప్లర్‌లో ప్రమాదం కనబడిన 220 మంది పిల్లలకు మొదటి నుంచే హైడ్రాక్సీయూరియా రెండు మోతాదుల్లో ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండు వర్గాల్లోనూ పక్షవాతం ఏడాదికి నూటికి ఇద్దరికన్నా తక్కువ మందికే వచ్చింది. చికిత్స లేని స్టాప్ పిల్లల్లో అది ఏడాదికి నూటికి పది దాకా ఉంది. రక్తం ఎక్కించడంతో ఇది సమానమని ఆ పరీక్ష రుజువు చేయలేదు, ఆ పోలికకు అది ఉద్దేశించిందీ కాదు. కానీ ఏమీ చేయలేమన్న వాదనకు మాత్రం అది కాలు లేకుండా చేసింది.

దీని నుంచే పదునైన ఎదురు ప్రశ్న పుడుతుంది. హైడ్రాక్సీయూరియా అంత మంచిదైతే ఎస్‌ఎస్ పిల్లలందరికీ ఇచ్చేస్తే సరిపోదా, డాప్లర్ ఎందుకు? అందరికీ ఇవ్వాలన్నదాంతో నాకు పేచీ లేదు. నొప్పులూ, ఆసుపత్రి పాలవడమూ తగ్గించే మందు అది, వేగాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. అయితే బిడ్డ బరువు పెరిగేకొద్దీ మోతాదు పెంచాలి, రక్త కణాల సంఖ్య తగ్గిపోతోందేమో చూస్తుండాలి, రోజూ మింగించాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా బయటికి కనబడదు. ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డ ధమనిలో వేగం 190కి, 210కి చేరుతుంటే తల్లికి ఏం తెలుస్తుంది? మందు పనిచేస్తోందో లేదో, ఏ బిడ్డను నెలాగకుండా పెద్దాసుపత్రికి పంపాలో తేల్చేది ఏటా చేసే ఈ అరగంట పరీక్షే. దానికి బదులు ఎంఆర్ఐ చేయవచ్చుగా అనేవాళ్లున్నారు. ఎంఆర్ఐ ఇప్పటికే జరిగిన నష్టాన్ని బాగా చూపిస్తుంది, చిన్నపిల్లలకు మత్తు లేనిదే చేయడం కష్టం, జిల్లా కేంద్రం దాటితే దొరకదు. ఒక విషయంలో మాత్రం దాని అవసరం ఒప్పుకోవాలి. లక్షణాలు బయటపడకుండా మెదడులో చిన్న చిన్న మచ్చలుగా మిగిలే దెబ్బలు సికిల్ సెల్ పిల్లల్లో చాలా ఎక్కువ, వాటిని డాప్లర్ పట్టుకోలేదు. వేగం మామూలుగా ఉన్న పిల్లల్లోనూ అవి ఉంటాయి. చదువులో హఠాత్తుగా వెనకబడిన బిడ్డకు డాప్లర్ బాగుందన్న ధైర్యం చాలదు.

ఇక మిగిలింది మనుషుల కొరత. పరీక్ష చేసేవాళ్ల నైపుణ్యం మీద ఫలితం ఆధారపడుతుందన్నది నిజం, పైన చెప్పిన రెండేసి మిల్లీమీటర్ల వెతుకులాట చూస్తే ఎందుకో తెలుస్తుంది. కానీ దీనికి రేడియాలజిస్టే కావాలన్న నియమం లేదు. నైజీరియాలో శిక్షణ పొందిన మామూలు వైద్య సిబ్బందే ఈ పని చేశారు. బొమ్మ చూపే యంత్రాలను 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరు చేయించాలి, వాటి కదలికలపై ఆంక్షలున్నాయి, అవి ఉండాలి కూడా. తెర మీద వేగపు గీత, స్పీకరులో శబ్దం తప్ప ఏ బొమ్మా చూపని పాత తరహా డాప్లర్ యంత్రాలే స్టాప్ పరీక్షకు ఆధారం, ఈ పనికి అవి చాలు. నిజమైన అడ్డంకి ఇంకోచోట ఉంది. అన్నీ ఉన్న అమెరికాలోనే ఈ పరీక్ష ఏటా అందాల్సిన పిల్లల్లో దాదాపు సగం మందికే అందుతోందని అక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. ఎక్కడో పెద్ద నగరంలో, వేరే రోజున, వేరే విభాగంలో పరీక్ష పెడితే పేదవాళ్లు రాలేరు. కాబట్టి హైడ్రాక్సీయూరియా ఇచ్చే రోజునే, ఇచ్చే చోటనే, పాడేరు, పార్వతీపురం, భద్రాచలం, ఉట్నూరు లాంటి చోట్ల ఈ పరీక్ష జరగాలి. ఒక యంత్రం, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు, పిల్లల పేర్లతో ఏటేటా తేదీలు రాసుకునే ఒక రిజిస్టరు ఉంటే పని మొదలవుతుంది. దీన్ని జాతీయ కార్యక్రమపు లెక్కల్లో చేర్చి, ఎంతమందికి జబ్బు నిర్ధారించామో చెప్పిన పక్కనే ఎంతమందికి మెదడు డాప్లర్ చేశామో కూడా ప్రకటించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను, గిరిజన సంక్షేమ శాఖలను కోరుతున్నాను. మీకు తెలిసిన ఇంట్లో రెండేళ్ల నుంచి 16 ఏళ్ల లోపు ఎస్‌ఎస్ రకం సికిల్ సెల్ బిడ్డ ఉంటే, తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మెదడు డాప్లర్ ఎప్పుడు చేస్తారని డాక్టరును అడగమని ఆ తల్లిదండ్రులకు చెప్పండి.